పసరు మందును ఊరికిచ్చిన పున్నమ్మ పిన్ని

మా పిన్ని పున్నమ్మ ఇక లేదు. గురజాల బడిలో నేను పాఠం చెబుతుండగా మా ఊరి మనిషి ఒకడు గుమ్మంలో వచ్చి నిలబడి, తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. అతడు నోరు తెరవకముందే నాకు సగం అర్థమయింది. తెల్లవారి లేచి వాకిలి ఊడుస్తూ గుండెలో నొప్పి అన్నదట. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చేరేలోపే ప్రాణం పోయిందట. ఎందరెందరినో మృత్యుముఖం నుంచి వెనక్కు పిలిచిన కంఠం మూగవోయిందంటే నా మనస్సు అంగీకరించలేదు. మా ఊళ్ళో ఇంకో పున్నమ్మ కూడా ఉన్నది గదా, ఆమె కాదా అని అడిగాను. అతడు తల వంచుకున్నాడు.

కారంపూడికి పోయే బండిదారిలో ఉన్నది మా ఊరు. ఆ ప్రాంతంలో ఆమెను ఎరగనివారు అరుదు. ఎరిగినవారు మరొకసారి తలచుకోవాలనీ, ఎరగనివారు ఇప్పుడైనా ఎరగాలనీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు మరదలు, తమ్ముడి భార్య. నాదెండ్ల దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చింది. సంతానం కలగకముందే మా బాబాయి కాలధర్మం చెందాడు. పుట్టింటివారు బండి తోలుకొని వచ్చి రమ్మంటే, "అక్కడికొచ్చి నేనేం చెయ్యాల? ఈడ నాకు చానా పనుంది" అని పంపేసిందట. ఆ పనిలో నేనూ ఒకణ్ణి. తల్లిలేని నన్ను పెంచింది ఆమే. పసిపిల్లల కడుపునొప్పికి వాము, బాలింతల ఒంటినొప్పులకు వావిలాకు కాచిన నీళ్ళు, కాలిన చోట కలబంద గుజ్జు, దగ్గుకు కరక్కాయ - ఇవన్నీ తల్లి దగ్గర నేర్చుకొని వచ్చిన విద్య. మా పెరట్లో ఎప్పుడూ ఏదో ఒక ఆకు నీడన ఆరుతూ ఉండేది. పిన్ని కొంగు దగ్గరికి పోతే శొంఠి వాసన వేసేది.

అయితే మా ఇంటికి పేరు తెచ్చింది ఆ మందులు కావు. కామెర్లకు మా నాన్న ఇచ్చే పసరు మందు. బెల్లంకొండ నుంచీ మాచర్ల నుంచీ పచ్చబడిన కళ్ళతో మనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. నాన్న చీకటితో ఒంటరిగా పొలాలకు పోయి, ఏవో మూలికలు తువ్వాలులో దాచి తెచ్చి, తలుపు మూసుకొని నూరేవాడు. నూరిన రాతి కల్వం తానే కడిగి, పిప్పి తానే పాతిపెట్టేవాడు. మందు పేరు నోటితో చెబితే దాని గుణం పోతుందని మా వంశంలో నమ్మకం. పెద్దకొడుక్కి మాత్రం, అదీ అంత్యకాలంలో, చెవిలో చెప్పాలి. అంతవరకూ ఎవరికీ నోటితో చెప్పనని దేవుడి ఎదుట ఒట్టు వేయాలి. నాన్న అలాగే వేశాడు. ఆయన తరువాత ఆ మంత్రం నా చెవిలో పడవలసి ఉన్నది.

కానీ విధి మరో విధంగా తలచింది. ఒక వానాకాలం నాన్నకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఆ వానలకే ఊళ్ళో కామెర్లు వ్యాపించాయి. జనం వచ్చి, మంచాన ఉన్న నాన్నను చూసి, ఏమీ అడగలేక వెళ్ళిపోయేవారు. మా పక్కింటి హుస్సేన్‌బీ కొడుకు మస్తాన్, బట్టలు కుట్టుకొని తల్లిని పోషించుకునే పడుచువాడు, కామెర్లు సోకి, అన్నం వాసన పడక చిక్కి సగమయ్యాడు. నేను సెలవు పెట్టి వచ్చి నాన్న ఎడమచేతికి పలక బలపం ఇచ్చి చూశాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ప్రాణం పోయే ఘడియ రాలేదు కనుక ఒట్టు తప్పడాయన. ఆ ఘడియ వచ్చినా చెప్పడానికి నోరు లేదు.

మరునాడు పొద్దున్నే పిన్ని గట్ల వెంట తిరిగి వచ్చి, ఒడి నిండా ఉన్న మొక్కలను నాన్న మంచం పక్కన కుమ్మరించింది. బావగారి ఎదుట ఏనాడూ కూర్చుని ఎరగని మనిషి నేలమీద చతికిలబడి, ఆయన మొహంలోకి సూటిగా చూసి చెప్పింది:

"బావా, ఒట్టేసుకుంది నువ్వు. నేనెయ్యలా. నోటితో చెప్పనని గదా అన్నావు, చెప్పబాక. తల ఊపితే చాలు."

పిన్ని నేల ఉసిరి మొక్క ఎత్తి చూపి, ఇది నాకూ తెలుసులే, దీనికి తోడు ఏంది అని అడిగింది. తిప్పతీగ చూపింది. ఉలుకూ పలుకూ లేదు. అటికమామిడి చూపింది. లేదు. గుంటగలగర కొమ్మ ఎత్తేసరికి నాన్న ఎడమచేయి మెల్లగా లేచింది. ఆకు తుంచి, వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసనలో తన తండ్రీ తాతా కనిపించారో ఏమో, కన్నీళ్ళు చెవుల మీదుగా జారాయి. అప్పుడు తల ఊపాడు. పాలలోనా అంటే ఊపలేదు. మజ్జిగలోనా అంటే ఊపాడు.

ఇక పిన్ని తలుపు మూస్తుందనే అనుకున్నాను. ఆమె కల్వాన్ని ఎత్తుకొని పోయి వీధి అరుగు మీద పెట్టింది. ఆడవాళ్ళను పిలిచి, రెండు మొక్కలనూ ఆకూ వేరూ కాయా సహా చూపించి, ఏ గట్టున దొరుకుతాయో చెప్పింది. మా పాలివారిలో పెద్ద, రాఘవయ్య, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నలుగురికీ చెప్పిన మందు చచ్చిపోతుందనీ, వంశానికే కీడనీ గద్దించాడు.

"బావకొక్కడికే తెలిసుండె. ఆయన మంచాన పడంగానే అది చావలా మావా? నలుగురికి తెలిస్తే నలుగురూ ఒక్కపాలే మంచాన పడరుగా" అన్నది పిన్ని.

రాఘవయ్య మావ కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కానీ మందు తాగడానికి ఎవరూ ముందుకు రాలేదు. గుణం పోయిందన్న మందును మొట్టమొదట తమ బిడ్డకు పట్టడానికి ఏ తల్లికి ధైర్యం చాలుతుంది? అప్పుడు గుంపులోనుంచి హుస్సేన్‌బీ వచ్చింది. నీ చేత్తో నా బిడ్డకు పొయ్యి అక్కా అని కొంగు పట్టింది. పిన్ని కల్వంలోని రాయిని హుస్సేన్‌బీ చేతిలో పెట్టింది.

"నేను పొయ్యను. నువ్వే నూరి నువ్వే పొయ్యి. మహిమ నా చేతిలో లేదమ్మా, ఆకులో ఉంది."

హుస్సేన్‌బీ తానే నూరి, మజ్జిగలో కలిపి కొడుక్కు పోసింది. ఆ తరువాతి రోజుల్లో ఊరంతా మస్తాన్ గుమ్మం వైపే చూస్తున్నది. వాడికేమైనా అయితే ఊళ్ళో తలెత్తుకోలేమని నేను భయపడ్డాను. అలాగని ఊరుకుంటే మాత్రం బతుకుతాడా అని పిన్ని తిరిగి అడిగింది. ధైర్యంతోపాటు వివేకం కూడా కలిగిన మనిషి ఆమె. వాడికి మగత కమ్మితే వెంటనే నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోవాలని బండివాడికి చెప్పి ఉంచింది. పొద్దునా సాయంత్రమూ పోయి పథ్యం చూసేది. నూనె చుక్క తగలనిచ్చేది కాదు.

ఒక ఉదయం మస్తాన్ తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ మా ఇంటికి వచ్చి నాన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు. నాన్న ఎడమ బొటనవేలితో వాడి కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. కన్ను మల్లెపువ్వులా తెల్లగా ఉన్నది. నాన్న వాడిని వదిలి, గుమ్మంలో నిలబడిన పిన్ని వైపు తిరిగి, ఆ ఒంటిచేతినే నొసటికి ఎత్తి నమస్కరించాడు. వయస్సులో పెద్దవాడు, ఇంటికి పెద్దవాడు, మరదలికి నమస్కరించాడు! పిన్ని కంగారుపడి వంటింట్లోకి పరుగెత్తింది. వీధిలో హుస్సేన్‌బీ బెల్లం పంచుతున్నది.

కొద్దిరోజులకే రాఘవయ్య మావ కోడలికి కామెర్లు సోకాయి. మావ వచ్చి మా అరుగు కింద నిలబడ్డాడు. పిన్ని పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. రెండు మొక్కలూ ఆయనకే చూపించి, "కూచుని నూరు మావా, చేతులేమీ అరగవులే" అన్నది. ఆ మహానుభావుడు కర్ర పక్కన పెట్టి నూరుతుంటే వీధి వీధంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. కోడలు కోలుకున్నది.

ఆనాటి నుంచి పిన్నికి ఊళ్ళు చాలలేదు. పెళ్ళిళ్ళకు పోతే విడిది పెరట్లో, కూలికి పోయినవాళ్ళ వెంట మిరపచేల గట్ల మీద, ఎక్కడ పడితే అక్కడ మొక్కలు పీకి చూపించేది. నేర్చుకున్నవాళ్ళు తమ గడప ముందర కూర్చుని మరొకరికి నేర్పాలి. ఆమె అడిగిన ప్రతిఫలం అదొక్కటే.

తన విద్యకు హద్దు ఎక్కడో కూడా ఆమెకు తెలుసు. నాపరాళ్ళ గనిలో పనిచేసే ఒకతని కంట్లో రాతిపలుకు గుచ్చుకుంటే, కంట్లో పసరు పిండమని అతని భార్య కాళ్ళమీద పడింది. పిన్ని శుభ్రమైన గుడ్డ కట్టి, "కంట్లో పసరు పోసే పాపం నేను చెయ్యను. డాక్టరు దగ్గరికి పదండి" అని తానూ బండెక్కింది. ఆసుపత్రిలో వాడి కన్ను దక్కింది. ఆ డాక్టరుగారు చేసిన పనిని తాను చేసినంత గర్వంగా పదిమందికీ చెప్పుకుని తిరిగింది.

పిన్ని పెద్దకర్మ నాడు కృష్ణ అవతలి నుంచి ఒక రైతు, పచ్చబడిన కళ్ళతో ఉన్న భార్యను బండిలో వేసుకొని వచ్చాడు. కబురు తెలియని మనిషి. మందిచ్చే అమ్మ ఇల్లు యాడ అని మా వీధిలో అడిగితే, ఈమధ్యనే కాపురానికి వచ్చిన ఒక కొత్తకోడలు చేతిలోని కడవ దించి జవాబు చెప్పింది. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు.

"అమ్మ పోయిందన్నా. మందుంది. బండి ఈ నీడకు తిప్పు."

పంక్తిలో విస్తరి ముందు కూర్చున్న నేను ఆ మాట విని లేచి నిలబడ్డాను. చెవిలో నాకొక్కడికే దక్కవలసిన విద్యను వీధిలో అందరితోపాటు నేర్చుకున్న భాగ్యవంతుణ్ణి నేను. ఏ విద్య తన వెంట పోకూడదని ఆ తల్లి పట్టుబట్టిందో అది పల్నాటి గడపగడపనా నిలిచింది. ఆమె స్థానం మాత్రం ఎవరూ పూరించలేరు. పిన్నీ, నీ పాదాలకు నమస్కారం. నువ్వు గెలిచావు.