రాక్షసుల మాట

అక్క జారిపడి కాలు విరగ్గొట్టుకుందని తెలిసి, వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వెళ్లాను. వెళ్తూ పాత పుస్తకాల అంగట్లో దొరికిన నవల ఒకటి సంచిలో వేసుకున్నాను. జమ్మలమడుగులో చిన్నప్పుడు మేమిద్దరం అట్ట ఊడిపోయేదాకా చదివిన జానపద నవల అది. ఎగిరే గుర్రమెక్కి, రాక్షసుల కోన నుంచి రాకుమారిని విడిపించే రాకుమారుడి కథ. ఆ రాకుమారుడంటే ఇద్దరికీ ప్రాణం. అతని కోసం జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

పుస్తకం చూడగానే అక్క ముఖం వెలిగిపోయింది.

"పైకి చదువు మే. పండుకోని పండుకోని పిచ్చి లేస్తాంది," అంది.

మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను. రాకుమారుడి గ్రాంథికాన్ని నాటకంలోలా గొంతు పెంచి చదువుతుంటే అక్క పడీ పడీ నవ్వింది. అంతలో రాక్షసుల కోన వచ్చింది. వాళ్ల నాయకుడు కాపలావాడిని గద్దిస్తున్నాడు. "యాడికి పోతాండావురా? ఈడ మనిషి వాసన వస్తాంది."

ఆ మాటకు గొంతు మార్చాల్సిన పని పడలేదు. మామూలుగా నేను మాట్లాడినట్టే వచ్చేసింది.

అక్క నవ్వు ఆగిపోయింది. "ఏందే, నువ్వు కల్పించి చదువుతాండావా?"

"లేదక్కా. అట్లే ఉంది, చూడు."

పుస్తకం లాక్కుని చూసింది. "వీడు నాయన మాదిరి మాట్లాడతాండాడే!"

గబగబా పేజీలు తిప్పాను. రాజు, మంత్రి, రాకుమారి, చివరికి ఆమె చిలక కూడా పుస్తకాల భాషే మాట్లాడుతున్నారు. మా మాట మాట్లాడేది ఒక్క రాక్షసులే. వాళ్లు నల్లగా, మొరటుగా ఉంటారు. భుజాన గొంగడి వేసుకుని గొర్రెలు మేపుతారు. మాదీ గొర్రెలు మేపే ఇల్లే. నాయన ఇప్పటికీ గొంగడి లేనిదే గడప దాటడు. అన్నిసార్లు చదివాం, ఇద్దరిలో ఒక్కరికైనా ఇది ఎలా కనపడలేదు?

"ఆపాకు, చదువు," అంది అక్క.

రాక్షసులు నిద్రలో ఉండగా రాకుమారుడు గుడిసెలకు నిప్పు పెట్టాడు. ఒక ముసలి రాక్షసి పసిబిడ్డను ఎత్తుకుని బయటికొచ్చింది. "మేం యాడికి పోవాలప్పా?" అని అడిగింది. రాకుమారుడు చిరునవ్వుతో కత్తి దూశాడు.

"ఈడనే గదా మనం చప్పట్లు కొట్టేది?" అంది అక్క మెల్లగా.

పుస్తకం మూసేశాను. ఆ రోజు ఇక చదవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పుస్తకం అక్క దగ్గరే ఉండిపోయింది. వారం తర్వాత ఫోన్ చేసింది.

"అంతా చదివినా. ఆ బిడ్డ ఏమాయనో యాడా రాయలేదు మే."

"రాసినాయన మర్సిపోయింటాడులే అక్కా."

"బిడ్డను ఎట్ల మర్సిపోతారే?"

అంతలోనే అక్క గొంతు తగ్గించి అంది.

"ఈ సంగతి నాయనకు మాత్రం చెప్పాకు. సంతకు పోయినప్పుడల్లా ఆ పుస్తకాలు మనకు తెచ్చిచ్చింది ఆయనే."

చెప్పనన్నాను.