ఆయన పేరు చేరాల్సిన చోటు

మా ల్యాబ్ సార్ పోయారని మూడు వారాల కిందట ఫోన్ వచ్చింది. చేసింది మా పాత కాలేజీ అటెండరు. "మేడమ్, మన ల్యాబ్ సార్ లేరండి. తెల్లారి నమాజుకి లేచాడంట, గుండె పట్టుకున్నదంట. ఆసుపత్రికి తీసకపోయేలోపే అయిపోయింది" అన్నాడు. అప్పుడు నేను హైదరాబాదులో ఆఫీసు బస్సులో ఉన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా బస్సు తన దారిన తాను పోతూనే ఉంది, ముందు సీట్లో వాళ్లు క్రికెట్ కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం ఎక్కడినుంచో ఎండుమిరప ఘాటు తగిలినట్టయి గట్టిగా తుమ్ము వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది.

ఇందులో ఆయన పేరు రాయడం లేదు. మరిచిపోయి కాదు. ఆ పేరు ముందుగా చేరాల్సిన చోటు ఇంకొకటి ఉంది. అక్కడికి చేరకుండా అడ్డుపడింది నేనే. ఆ సంగతి నలుగురిలో ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

చిలకలూరిపేట నుంచి అద్దంకి వెళ్లే దారిలో, పత్తి చేల మధ్య ఉండేది మా కాలేజీ. ఎం.టెక్. పట్టా ఇంకా సంచిలోంచి తీయకముందే, 2002లో, నేనక్కడ లెక్చరరుగా చేరాను. సార్ అప్పటికే కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నారు. ఆయన చదివింది పాలిటెక్నిక్. హోదాలో నేను పెద్ద, పనిలో ఆయన పెద్ద. పదిమందిలో నన్ను "మేడమ్ గారూ" అనేవారు, మేమిద్దరమే ఉంటే "అమ్మా" అనేవారు. ఏడాది తిరక్కముందే ఆ రెండో పిలుపు కోసమే ల్యాబుకు వెళ్తున్నానని నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ల్యాబు నిజంగా ఉండేదా, నేను కలగన్నానా అనిపిస్తుంది. ఎదురుగా జిన్నింగ్ మిల్లు. పత్తి రోజుల్లో కిటికీ తీస్తే చాలు, దూది పోగులు గాలిలో తేలుతూ లోపలికి వచ్చి మానిటర్ల మీద వాలేవి. మధ్యాహ్నం ముప్పై కంప్యూటర్లు ఒకే శ్రుతిలో మూలుగుతుంటే పిల్లలు కునికిపాట్లు పడేవారు. సార్ కూడా కళ్లు మూసుకునే ఉండేవారు. నిద్రపోతున్నారనుకుంటే పొరపాటే. "మూడో వరసలో చివరిది ఫ్యాన్ పట్టేసింది, చూడండయ్యా" అనేవారు, కళ్లు తెరవకుండానే.

ఆయనకు పిచ్చి ఒకటే, పట్టికలు. ప్రతి కంప్యూటరు బోర్డులోనూ తయారీదారు దాచిపెట్టిన ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఫ్యాన్ ఎక్కడుంది, ఎంత వేడికి తిప్పాలి, ఎంత వేడెక్కితే యంత్రాన్ని ఆపేయాలి, బటన్ నొక్కితే ఏం చేయాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. అది మనుషులు చదివే రూపంలో ఉండదు, బైట్లుగా ఉంటుంది. దాన్ని విప్పి చదివే పాఠంగా మార్చే పనిముట్టు ఒకటి, ఆ పాఠాన్ని మళ్లీ బైట్లుగా కట్టే కంపైలర్ ఒకటి, రెండూ కలిపి ఎక్కడో దూరదేశంలో కొందరు తయారుచేసి ఉచితంగా పంచేవారు. రెండు మూడు నెలలకొకసారి కొత్త వెర్షన్ వచ్చేది. పండక్కి బట్టలు వచ్చినట్టు సంబరపడేవారు సార్.

నేను చేరిన ఏడాది ఎండలకు ల్యాబులో కంప్యూటర్లు పదకొండు కొట్టేసరికి వాటంతటవే ఆగిపోయేవి. అమ్మినవాళ్లు ఏసీ పెట్టించుకోమన్నారు. సార్ పట్టిక విప్పి చూశారు. అరవై డిగ్రీలకే ఆపేయమని రాసి ఉంది, ప్రాసెసరేమో ఎనభై దాకా తట్టుకోగలదు. "చల్లటి గదిలో కూసోని రాసినట్టున్నారమ్మా. మన రోహిణి కార్తె సంగతి వాళ్లకేం తెలుసు" అన్నారు. ఫ్యాన్ ముందుగానే తిరిగేటట్టు, ఆపే హద్దు కాస్త పైకి జరిగేటట్టు పట్టికను మార్చాలి. నేను మారుస్తానని ఉత్సాహపడ్డాను. ఎనభై అని రాసి, ఒకదాంట్లో చూసుకోవాలన్న ఇంగితం కూడా లేకుండా ముప్పై యంత్రాల్లోనూ ఎక్కించేశాను. తెల్లారితే ప్రాక్టికల్ పరీక్షలు.

తెల్లారింది. ఏ కంప్యూటరు తెరిచినా లేచినట్టే లేచి పడుకుంటోంది. ఆ పట్టికలో వేడిని మనలాగా కొలవరు. అంతకన్నా చల్లదనం ఉండదన్న చోట సున్నా పెట్టి, అక్కడినుంచి డిగ్రీలో పదో వంతుల చొప్పున లెక్కిస్తారు. నా ఎనభై ఆ లెక్కలో గడ్డకట్టిన గాలికన్నా చల్లన. గుంటూరు జిల్లా ఎండలో ఉన్న యంత్రం తాను కాలిపోతున్నానని అనుకోక ఏం చేస్తుంది? బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి వరండాలో నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ వచ్చి ఎవరి పని ఇదని అడిగారు. నా నోరు పెగిలేలోపే సార్, "నాదేనండి. అంకె తప్పు కొట్టాను" అన్నారు. పాత పట్టికలతో అన్నింటినీ లేపడానికి గంటన్నర పట్టింది. ఆయనకు మెమో ఇచ్చారు. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "ఎంటెక్ వాళ్లకి మెమోలు అచ్చిరావమ్మా, మాకైతే అలవాటే" అని నవ్వారు. నేను ఎంత సిగ్గుపడ్డానో నాకంత ధైర్యమూ వచ్చింది.

సార్ వాళ్లది మార్టూరు. నాన్న, అన్నదమ్ములు గ్రానైట్ పాలిష్ పనివాళ్లు. సెలవుల్లో ఆయనా రాయి పట్టినవారే. గరుకు రాయితో మొదలుపెట్టి, నీళ్లు పోస్తూ, నున్నటి రాయికి మారుతూ ఏడెనిమిది సార్లు రుద్దితే గాని మెరుపు రాదట. మధ్యలో ఒక్క వరస ఎగరగొట్టినా చివర్లో గీత కనిపించి తీరుతుందట. కంపైలర్‌తోనూ ఆయనది అదే పద్ధతి. మొదట ఎర్రర్లు సరిచేస్తారు, తర్వాత వార్నింగులు, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోని చిన్నా చితకా సూచనలు. ప్రతి దఫాకీ లేచి మొహం కడుక్కుని వచ్చి కూర్చునేవారు. "ఎర్రర్ అరిచిద్ది, వార్నింగ్ గొణిగిద్ది. అరిచేదాన్ని ఎవడైనా వింటాడు. గొణిగేదాన్ని వినాలమ్మా" అనేవారు. మా అమ్మ విషయంలో మా నాన్న ఆ ఒక్క పనీ చేయలేదని చెబితే చాలాసేపు నవ్వారు.

ఆదివారాలు స్కూటరేసుకుని ఊళ్లు తిరిగేవారు. అద్దంకిలో ఎరువుల కొట్టు, పిడుగురాళ్లలో సున్నం బట్టీ ఆఫీసు, దారిలో కోల్డ్ స్టోరేజీలు, ఎక్కడ కంప్యూటరు కనిపిస్తే అక్కడ ఆగి, వాళ్లకున్న జబ్బేదో నయం చేసి, ఫీజుగా పట్టిక కాపీ తీసుకునేవారు. మిరపకాయల బస్తాల మధ్య మూతికి కర్చీఫ్ కట్టుకుని, ఫ్లాపీ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి ఇతనెవరో దొంగ అనుకున్నవాళ్లూ ఉన్నారు. అలా నూటికి పైగా పట్టికలు పోగయ్యాయి. కొత్త కంపైలర్ వచ్చినప్పుడల్లా అన్నింటినీ విప్పి, మళ్లీ కట్టి, ముందరిదీ తర్వాతిదీ పక్కపక్కన పెట్టి చూసేవారు. విప్పి కట్టిన మూట మొదట్లో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఎవరూ అడగని పని. జీతం లేని పని. ఎందుకు సార్ అంటే, "తోచక" అనేవారు.

ఒక వెర్షన్ వచ్చినప్పుడు మూట తేడా వచ్చింది. సున్నం బట్టీ కంప్యూటరు పట్టికలో ఒకే ఒక్క బైటు మారింది. కంపైలర్ అరవలేదు, గొణగనూ లేదు. ఆ కొత్త మూటను ఎక్కించి చూస్తే ఆ యంత్రం ఆఫ్ బటన్ నొక్కితే ఆగడం మానేసింది. సార్ మూడు రోజులు తెల్లకాగితాల మీద బైట్లు వేసుకుంటూ కూర్చున్నారు. మూడో రోజు మధ్యాహ్నం నా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అంతకుముందు ఎప్పుడూ అలా రాలేదు. "తప్పు పట్టికది కాదమ్మా. కంపైలర్‌దే" అన్నారు మెల్లగా.

తయారుచేసినవాళ్లకు చెప్పాలి. నెట్ ఉన్నది లెక్చరర్ల గదిలోనే, సార్‌కు ఇంగ్లీషు చదవడం వచ్చినా రాయడమంటే బెరుకు. పక్కన కుర్చీ వేసుకుని తెలుగులో చెప్పారు, నేను రాశాను. ముందు తప్పు మనదేమో అని అడగమన్నారు, ఆ తర్వాతే రుజువులు చూపించమన్నారు. నేను మాత్రం 'నేను ఒక తేడా కనిపెట్టాను' అని మొదలుపెట్టి, చివర నా పేరు రాశాను. సార్ పేరు కూడా రాయాలని ఆ క్షణంలో తోచింది. తోచలేదంటే అబద్ధమవుతుంది. బయట నాలుగున్నర బస్సు హారన్ కొడుతోంది. పంపేసి బస్సుకు పరిగెత్తాను.

తర్వాతి వెర్షన్‌లో ఆ తప్పు దిద్దారు. వెర్షన్‌తో పాటు వచ్చే మార్పుల పత్రంలో, ఈ లోపాన్ని తెలియజేసినందుకు కృతజ్ఞతలు అని, నా పేరు. నా ఒళ్లు పులకరించింది. సార్‌కు చూపించాను. తల వంచి చదివి, "బాగుందమ్మా. నాకో ప్రింటు తీసివ్వండి" అన్నారు. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ నన్ను లేపి మెచ్చుకుంటే వెనక వరసలోంచి సార్ చప్పట్లు కొట్టారు. తయారుచేసినవాళ్లకు మళ్లీ రాసి సరిచేద్దామనుకున్నాను. రేపు రాద్దాం, సెలవుల్లో రాద్దాం అనుకున్నాను. ఆలస్యమైనకొద్దీ రాయడం సిగ్గుగా మారింది. ఆ రెండు లైన్ల వల్లే హైదరాబాదులో ఈ ఉద్యోగం వచ్చింది. ఎలా కనిపెట్టావని ఇంటర్వ్యూలో అడిగితే, విప్పి కట్టి పక్కపక్కన పెట్టే పద్ధతంతా నాదిగా చెప్పాను. మా ల్యాబులో ఒకాయన ఉన్నారని కూడా అనలేదు.

వచ్చేశాక కూడా కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా సార్ ఫోన్ చేసేవారు. వచ్చింది చూశారా అని అడిగేవారు. చూస్తాను సార్, పని ఒత్తిడిగా ఉంది అనేదాన్ని. ఒంట్లో జాగ్రత్తమ్మా అని పెట్టేసేవారు.

మొన్న ఆదివారం మార్టూరు వెళ్లాను. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకుండా పాటించే ఇద్దత్‌లో ఉంది ఆయన భార్య. లోపలి గదిలోకి రమ్మన్నారు. నేనెవరో చెప్పకముందే, "మేడమ్ కదూ. కూర్చోమ్మా" అంది. దారంతా కూడగట్టుకున్న మాట అక్కడే చెప్పేశాను.

"అమ్మా, ఆ తప్పు కనిపెట్టింది సార్. పేరు ఆయనది పడాలి. నేను నాది రాసుకున్నాను."

"తెలుసమ్మా. ఆయన చెప్పాడు" అంది.

మంచం కిందనుంచి రేకు పెట్టె లాగింది. అందులో కాగితాల కట్టలు. ఆ తర్వాత వచ్చిన ప్రతి వెర్షన్ మార్పుల పత్రమూ అద్దంకి నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చుకున్నారట. "కోపమా అని అడిగాను. కోపమెందుకు, పిల్ల మంచిదే, ఎప్పుడో ఒకప్పుడు గుర్తొచ్చి రాసిద్దిలే అన్నాడు. కొత్త కాగితాలు తెచ్చిన రోజు ముందు పేర్లుండే చోటు చూసుకునేవాడు. ఆ తర్వాతే అన్నం" అంది. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఆ ముందు రోజే కంపైలర్ తయారుచేసేవాళ్లకు రాశానని, నిజం మొత్తం రాశానని, జవాబు ఇంకా రాలేదని చెప్పాను. పాత పత్రాలను వాళ్లు మార్చరని, కొత్తదాంట్లోనైనా వేస్తారేమోనని చెప్పాను. ఆవిడ విని, కట్టల్లోంచి అన్నింటికన్నా అడుగున ఉన్న కాగితం తీసింది. నా పేరున్నది అదే. ఆవిడకు తెలుగు తప్ప చదవడం రాదు.

"ఇంగ్లీషులో ఆయన పేరు ఎట్టా ఉండిద్దో రాసి చూపించమ్మా" అంది.

పెన్ను తీసి ముందు నా పేరు కొట్టేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. "కొట్టెయ్యమాక. పక్కన రాయి." ఆ అచ్చు అక్షరాలంత చిన్నగా, వాటి వరసలోనే రాశాను. ఆవిడ కాగితం తీసుకుని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంతేనా," అంది, "ఇంత కాస్తే పట్టిద్దా చోటు."

కరెంటు లేదు, ఫ్యాన్ తిరగడం లేదు. సిరా చెదరకుండా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆ పేరు మీద మెల్లగా ఊదుతూ కూర్చుంది.