సగం దూరం దగ్గర ఆగని పడవ

పోయిన వారం కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ కోసం ఇక్కడ మస్కట్‌లో, అల్ మవాలేలో ఒక ఆఫీసుకు వెళ్ళాను. కౌంటర్ వెనక ఉన్న ఒమానీ అమ్మాయి నా బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, తీసుకోవడానికి చెయ్యి చాపింది. నాలుగు వేళ్ళ మొదళ్ళలోనూ వరసగా కాయలు కాసి ఉన్నాయి. నాకు తెలిసి అరచేతిలో అలా కాయలు కాసే పనులు మూడే. పార పట్టడం, ఇనప కడ్డీకి వేలాడి వ్యాయామం చెయ్యడం, తెడ్డు వెయ్యడం. మొదటి రెండూ ఆ అమ్మాయి చేస్తుందనిపించలేదు. అడిగేలోపే తను కార్డు మీది ఫొటో చూసి, నా ముఖం చూసి, కోచ్ గారి అబ్బాయి మీరే కదా, పడవకు బోల్టులు బిగించేవారు అంది ఇంగ్లీషులో. అబ్బాయిని కాదు, అక్క కొడుకునన్నాను. మా భాషలో ఆవిడను పిన్ని అంటామని, అంటే చిన్నమ్మ అని వివరించాను. ఆవిడే చిన్నమ్మ అయితే పెద్దమ్మను తలుచుకోవడానికి భయంగా ఉందని ఆ అమ్మాయి నవ్వింది. పాలసీ కాగితం ప్రింటవుతున్నంతసేపూ ఇద్దరం ఆవిడ గురించే మాట్లాడుకున్నాం. వెనక నిలబడ్డ పెద్దమనిషి రెండుసార్లు దగ్గాడు.

మాది రాజమండ్రి. పిన్ని డిగ్రీకి హైదరాబాద్ వెళ్ళి హుస్సేన్ సాగర్ మీద రోయింగ్ నేర్చుకుంది. పడవ తిరగబడకూడదన్న పట్టుదల తనకు కోచ్ వల్ల రాలేదని, ఆ నీళ్ళ వాసన వల్ల వచ్చిందని చెబుతుంది. పతకాలు వచ్చాయట. ఎన్ని అంటే మాత్రం మాట మార్చి కూర ఏం చెయ్యమంటావని అడుగుతుంది. పెళ్ళయ్యాక బాబాయి ఉద్యోగం మత్రాలో కావడంతో మస్కట్ చేరింది. సీబ్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో అమ్మాయిలకు ఆటలు నేర్పే టీచరైంది. ఆ కాలేజీలో అబ్బాయిలకు సముద్రం మీద పడవలుండేవి. అమ్మాయిలకు హాల్లో రోయింగ్ మిషన్లుండేవి. ఎంత లాగినా ఎదురుగా అదే గోడ ఉంటే పిల్లలకు ఏం ఉత్సాహం వస్తుందని పిన్ని రెండేళ్ళు పోట్లాడింది. చివరికి అబ్బాయిలు వాడి పక్కన పడేసిన పాత పడవ ఒకటి ఇచ్చారు. నలుగురు తెడ్లు వేస్తారు, అయిదో మనిషి వెనక చివర కూర్చుని దారి చూసి చెబుతుంది.

అప్పుడే నేను మెకానికల్ డిప్లొమా పట్టుకుని ఇక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో చేరి, పిన్ని వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. వారమంతా కంపెనీ డ్యూటీ, శుక్రవారం పిన్ని డ్యూటీ. మొదటి శుక్రవారం పడవను బోర్లించి లోపాలు వరసగా చదివాను. సీట్లు జారే పట్టాలు అరిగాయి, తెడ్లను పట్టి ఉంచే ఇనప చట్రాల బోల్టులు తుప్పు పట్టాయి, పాదాలు ఆనించే పలకలు పొడుగు మగవాళ్ళ కొలతకు బిగించి ఉన్నాయి. పిన్ని మొదటి రెండూ విననట్టే ఊరుకుంది. మూడోదానికి మాత్రం, "కాళ్ళు ఆననిచోట ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, వీళ్ళకి బలం లేదంటున్నార్రా. ముందు ఆ పలకలు దగ్గరికి జరుపు," అంది. జరిపాను. తర్వాతి వారం అదే పిల్లలు, అవే తెడ్లు, పడవ మాత్రం వేరే పడవలా పోయింది.

తండ్రులు ఒప్పుకోరని కాలేజీలో అందరూ అన్నారు. తండ్రులే పొద్దున్నే కార్లలో కూతుళ్ళను దింపి, ఫ్లాస్కులో ఖహ్వా అనే అరబ్బీ కాఫీ, డబ్బాలో ఖర్జూరాలు తెచ్చి ఒడ్డున చాప పరిచేవాళ్ళు. మాకు పోసి, కప్పు అటూ ఇటూ ఊపి ఇక చాలని చెప్పేదాకా పోస్తూనే ఉండేవాళ్ళు. ఊపాలని తెలియక నేను మొదటిరోజు తొమ్మిది కప్పులు తాగాను. ఒక అమ్మాయి వాళ్ళింట్లో పనిచేసే కడప అక్క కూడా వెంట వచ్చేది. చాప చివర కూర్చుని, ముందుకు పోవాల్సినవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చునే ఈ ఆట ఎవరు కనిపెట్టారోనని ప్రతివారం ఆశ్చర్యపోయేది. అడ్డం వచ్చినవాడు కాలేజీ స్పోర్ట్స్ అధికారి, మన దేశం వాడే. అంతర్ కళాశాలల పందెంలో అబ్బాయిలకు రెండు కిలోమీటర్లు, అమ్మాయిలకు ఒకటి. ఆ నియమం పెట్టిన కమిటీలో పెద్ద ఆయనే. ఎండ అన్నాడు, భద్రత అన్నాడు, చూసేవాళ్ళకు విసుగన్నాడు. ఆ ఎండ అబ్బాయిల మీద పడదా అని పిన్ని అడిగితే ఫైలు మూసేశాడు.

పిన్నికి కావలసింది ఆ రెండో కిలోమీటరే. ప్రాక్టీసులో ఎప్పుడూ పూర్తి దూరమే వేయించేది. సగం దగ్గర ఎవరైనా తెడ్డు వదిలితే వెనక్కి తెచ్చి మళ్ళీ మొదటినుంచి వేయించేది. పడవలో ఒక్క గొంతే వినాలని, అది చివర కూర్చున్న అమ్మాయిదని, ఒడ్డున తాను కేకలు పెట్టినా లెక్కచెయ్యొద్దని నేర్పింది. ఆ ఏడాది పందేల నెలలోనే తన కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. గొడవ లేకుండా ఉంటే అన్నీ సాఫీగా జరుగుతాయని అధికారి హిందీలో చాలా మర్యాదగా చెప్పి పంపాడు. బాబాయి ఆ రాత్రి అన్నం తింటూ, ఈ ఒక్క ఏడాదికీ ఊరుకోకూడదా అన్నాడు. పిన్ని ఆయనకు ఇంకొంచెం పప్పు వడ్డించింది.

పందెం రోజు పొద్దున తెడ్ల మీద కాలర్లను, అంటే తెడ్డు చట్రంలో జారిపోకుండా ఆపే పట్టీలను, నీళ్ళలో మునిగే ఆకు వైపు ఒక సెంటీమీటరు జరపమంది. తెడ్డు లోపలి భాగం ఆ మేరకు పొడుగైతే లాగడం తేలికవుతుంది. చాలా దూరం వేసేవాళ్ళకు అది పనికొస్తుంది. కిలోమీటరు పందేనికి ఎవరూ అలా పెట్టరు. నేను స్పానర్ పట్టుకుని ఆగిపోయాను.

"పిన్నీ, ఇది ఇవాళ్టి దూరానికి సెట్టింగ్ కాదు."

"తెలుసు. బిగించు."

"ఉద్యోగం?"

"అది నీ స్పానర్‌కి అందేది కాదులే. బిగించు."

బిగించాను. అయిదుగురు అమ్మాయిలూ వంచిన తల ఎత్తకుండా బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. వాళ్ళకు ముందే తెలుసని నాకప్పుడు అర్థమైంది. ఇష్టం లేనివాళ్ళు సగం దగ్గరే ఆగిపోవచ్చని, ఏమీ అననని పిన్ని వాళ్ళకు చెప్పిందట. ఎవరూ ఆగుతామనలేదు.

మూడు పడవలు బయల్దేరాయి. అమ్మాయిల పందెం ముగిసే సగం దూరానికి గుర్తుగా నీళ్ళలో పెట్టిన తెల్ల డ్రమ్మును మావాళ్ళు ఒక పడవ నిడివి ముందుగా దాటారు. జడ్జీల పడవ హారన్ మోగింది. మిగతా రెండు పడవలూ వచ్చి డ్రమ్ము దాటి తెడ్లు దించాయి. మాది పోతూనే ఉంది. అధికారి మైకు అందుకుని ఇంగ్లీషులో, అరబిక్‌లో, ఆఖరికి హిందీలో ఆపమని అరిచాడు. చివర కూర్చున్న అమ్మాయి తల తిప్పలేదు. ఆమె ఆపమనలేదు కాబట్టి మిగతా నలుగురికీ ఆ అరుపు గాలిలాంటిదే.

"సార్, ఆ మైకు పట్టుకున్న ఆయప్ప ఏమంటాండాడు?" అంది కడప అక్క నాతో.

ఆపమంటున్నాడన్నాను.

"మొగపిల్లోళ్ళు యాడిదాకా పోతారు?"

దూరంగా ఉన్న ఎర్ర డ్రమ్మును చూపించాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఆడా నీళ్ళే కదా సార్ ఉండేది. పోనీండి," అంది.

అంతలో నేను ఊహించనిది జరిగింది. రెండో స్థానంలో వచ్చి ఆగిన పడవలో అమ్మాయిలు ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. వాళ్ళ తెడ్లు మళ్ళీ లేచాయి. వాళ్ళూ మావాళ్ళ వెనక పడ్డారు. ఒడ్డున తండ్రులు లేచి నిలబడ్డారు. ఎర్ర డ్రమ్ము దగ్గర మావాళ్ళు పడవలో వెనక్కి వాలిపోయి, ఆ రెండో పడవ వచ్చేదాకా అక్కడే ఉన్నారు. తర్వాత రెండూ పక్కపక్కన తిరిగొచ్చాయి. రెండు పడవలూ పందెం హద్దు దాటాయని కొట్టేసి కప్పు మూడో పడవకు ఇచ్చారు. ఆ పిల్లలు దాన్ని పట్టుకుని ఎటు చూడాలో తెలియక మావాళ్ళ దగ్గరికే ఫొటోకు వచ్చారు.

మర్నాడు అధికారి పిన్నిని పిలిచాడు. జరిగింది తన పొరపాటని రాసి సంతకం పెడితే రెన్యువల్ ఆగదన్నాడు. పిన్ని కోపంలో మొదట తెలుగులో అనేసి, ఆయన ముఖం చూసి, మళ్ళీ హిందీలో అందట. "నేను తప్పు చేశానని రాస్తే ఆ పిల్లలు తప్పు చేసినట్టు. వాళ్ళు చెయ్యలేదు." ఆ మాటకు ఆ ఉద్యోగం పోయింది. కొన్ని నెలలు బాబాయి జీతంతోనే ఇల్లు నడిచింది. ఆయన ఒక్కసారి కూడా అప్పుడే చెప్పానుగా అనలేదు, అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. తర్వాత అల్ సువైక్‌లో ఒక స్కూల్లో చేరింది. ఇప్పుడక్కడ తొమ్మిదో తరగతి పిల్లలకు ఈత నేర్పుతోంది, ఒక జాలరి పెద్దాయన దగ్గర అరువు తెచ్చుకున్న పడవలో తెడ్డు కూడా నేర్పుతోంది. ఈసారి ఎవరినీ అనుమతి అడగలేదట. అడిగితే వద్దనడానికి వాళ్ళకో అవకాశం ఇచ్చినట్టని అంటుంది.

మరుసటి ఏడు పందేల బోర్డు మీద అమ్మాయిలకూ రెండు కిలోమీటర్లని రాశారు. ఎందుకు మార్చారో రాయలేదు, ఎవరి పేరూ లేదు. ఇప్పుడు ఆ కాలేజీలో చేరే అమ్మాయిలకు సగం దూరం పందెం ఒకటుండేదన్న సంగతే తెలియదు, చెప్పినా నమ్మరు. నాకది అన్యాయమనిపించి పిన్నికి ఫోన్ చేశాను. వాళ్ళు నమ్మకపోతేనే పని పూర్తయినట్టురా అంది. ఒకరు ఉద్యోగం పోగొట్టుకుని తెచ్చింది తర్వాతివాళ్ళకు మామూలు సంగతైపోవడానికి ఒక్క ఏడాది సరిపోయింది. కాలం మీద నాకున్న ఫిర్యాదూ అదే, కృతజ్ఞతా అదే.