కనమలో రాయి

కాలు క్లచ్చి మీద ఉందో లేదో లోకనాథ్‌కు తెలియకుండా పోయిన రోజే, బండి నేర్చుకోక తప్పదని గంగాదేవికి అర్థమైంది.

ఆ పొద్దున ఇంటి ముందు వ్యాను తిప్పుతూ అతను క్లచ్చి తొక్కాననుకున్నాడు. కాలు పక్కకు జారిపోయి ఉంది. బండి ఒక్క ఎగురు ఎగిరి పశువుల కొట్టం గుంజను పడగొట్టింది. విరిగిన గుంజను అతను చూడనైనా లేదు. దిగి, చెప్పు విడిచి, అరికాలిని నేలకు రాసి రాసి చూసుకున్నాడు.

షుగరు మొదట కిడ్నీలను పాడు చేసింది. ఇప్పుడు కాళ్ళ వంతు. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారంలో రెండుసార్లు మదనపల్లెకు పోవాలి. వాళ్ళది చౌడేపల్లె పక్కన కొండల నడుమ పల్లంలో ఉన్న ఊరు. ఎటు పోవాలన్నా ముందు కొండ మీదుగా పోయే కనమ దారి ఎక్కాలి. ఆటోవాళ్ళు ఆ ఎత్తు చూసి రామంటారు. బస్సు కోసం కాచుకుంటే ఆసుపత్రిలో మంచం ఇంకొకరికి పోతుంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఉష కుప్పంలో కాపురముంది, చంటిబిడ్డ తల్లి. ఇక మిగిలింది గంగాదేవి, ఒక పాత మారుతి వ్యాను.

మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నై దాకా టమోటా లోడ్లు తోలినవాడు లోకనాథ్. నేర్పే మనిషికి కొదవ లేదు, నేర్పే ఓపికకే కొదవ.

"అది గేరు మే! సంగటి కెలికినట్టు కెలకతాండావే!"

"ఆ సంగటి తినే గదా ఇంత లావైనావు. నోరు మూసుకోని కూర్చో."

కోత అయిపోయిన చేలో నడపడం త్వరగానే పట్టుబడింది. కనమే కష్టమైంది. దారి ఒక్క బండికే సరిపోతుంది. సగం ఎక్కాక కాస్త వెడల్పున్న ఒక మలుపు. పొద్దున పాలక్యాన్ల కోసం దిగే శ్రీరాములు వ్యాను సరిగ్గా అక్కడే ఎదురొచ్చేది. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది డ్రైవర్ల మర్యాద. శ్రీరాములుకు అంత తీరిక లేదు. గంగాదేవే కొండను ఆనుకొని ఆగాలి, ఆ ఏటవాలులో మళ్ళీ కదలాలి. బ్రేకు మీంచి కాలు తీయగానే బండి వెనక్కి జారేది. వెనక లోయ.

మొదటిసారి జారినప్పుడు ఆమె కేక వేసింది, ఇంజను ఆగిపోయింది. లోకనాథ్ దిగి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. లారీల్లో అది క్లీనర్ పని. హ్యాండ్ బ్రేకును అతను ఏనాడూ నమ్మలేదు. ఆ వ్యానులో అది లాగితే వదులు తాడులా ఊరికే పైకి వచ్చేది.

అప్పటినుంచి అదే పద్ధతైంది. కాళ్ళ దగ్గర పెట్టుకున్న నల్లరాయి పట్టుకొని దిగేవాడు. చక్రం కింద పెట్టి, వ్యాను మీద అరచేత్తో చరిచి, "పోనీ!" అనేవాడు. ఆమె ఎక్కించి పైన చదునులో ఆపేది. అతను రాయి ఎత్తుకొని మెల్లగా నడిచి వచ్చేవాడు.

"ఏమప్పా లోకనాథా, డ్రైవరువి క్లీనరు అయిపోయినావే!" అని శ్రీరాములు కిటికీలోంచి అరిచేవాడు.

"ప్రమోషనప్పా! ఓనరమ్మ నన్ను పన్లోంచి తీసేయకుండా ఉంటే సాలు."

ఒకరోజు గంగాదేవి దాణా కోసం ఒక్కతే పుంగనూరు పోయింది. మెకానిక్ కిషోర్ హ్యాండ్ బ్రేకు లాగి చూసి నోరు తెరిచాడు. "అక్కా, దీంతో కనమ ఎక్కతాండావా?" కేబులు మార్చాడు. క్లచ్చిని ఎంతవరకు వదలాలో, బండి ముందుకు లాగుతున్నట్టు ఎప్పుడు తెలుస్తుందో, అప్పుడు బ్రేకు ఎలా దించాలో చూపించాడు. తిరుగుదారిలో ఆమె కనమ దిగి, కింద బండి తిప్పి, మళ్ళీ ఎక్కింది. మలుపులో ఆగింది, కదిలింది. బండి జారకుండా నిలిచేదాకా అలా ఎక్కుతూ దిగుతూనే ఉంది.

చెబుదామని ఉత్సాహంగా ఇంటికి వచ్చింది. లోకనాథ్ తొట్టి దగ్గర కూర్చొని రాయి కడుగుతున్నాడు.

"దాన్ని యాల కడగతాండావు?"

"మన్ను అంటితే చక్రం జారుతుంది మే."

ఆసుపత్రిలో సూదులు గుచ్చే చెయ్యి కాబట్టి అతను పాలు పిండకూడదు. బిందె ఎత్తకూడదు. ఆ ఇంట్లో అతనికి మిగిలిన పని ఆ రాయి ఒక్కటే. గంగాదేవి దాణా బస్తా దించుకొని లోపలికి పోయింది.

తర్వాత కూడా మలుపు రాగానే అతను దిగుతూనే ఉన్నాడు. రాయి పెట్టాక ఆమె కావాలనే బండిని కాస్త వెనక్కి వదిలేది. బరువు రాయి మీద పడేది. అప్పుడు అతను వ్యాను చరిచేవాడు.

వానలు మొదలయ్యాక అతనికి ఒళ్ళంతా నీరు పట్టింది. కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని మదనపల్లె డాక్టర్లు చెప్పారు. బయల్దేరిన పొద్దున మలుపులో శ్రీరాములు వ్యాను ఎదురైంది. గంగాదేవి ఆపింది. లోకనాథ్ తలుపు తీసి ఒక కాలు బయట పెట్టాడు. రెండో కాలు రాలేదు. రాయి ఒళ్ళో ఉంది.

"ఉండు... దిగతాండా."

దిగలేదు. ఊపిరి ఈల వేస్తోంది. కాస్త ఆగి చూసింది గంగాదేవి. వంగి అతని కాలును లోపలికి తీసి, తలుపు వేసింది. హ్యాండ్ బ్రేకు లాగింది. క్లచ్చి సగం వదిలింది. బండి అంగుళం కూడా జారకుండా ఎక్కింది.

పుంగనూరు దాటాక లోకనాథ్ అడిగాడు.

"ఎప్పుడు నేర్సుకున్న్యావు?"

"ఇప్పుడే."

అతను చెయ్యి చాపి హ్యాండ్ బ్రేకును తడిమాడు. "కేబులు ఎవరు కట్టినారు?"

"కిషోర్."

"బాగా కట్టినాడు." ఒళ్ళో రాయిని కాళ్ళ దగ్గర పెట్టాడు. "మరి ఇన్నాళ్ళూ నన్ను యాల దిగనిచ్చినావు?"

ముందు ఒక లారీ ఉంది, ఆమె దాన్ని దాటే పని పెట్టుకుంది.

"దిగతాంటే బాగానే ఉన్న్యది లే," అన్నాడు లోకనాథ్.

కుప్పం నుంచి అతను తిరిగి రాలేదు.

గంగాదేవి ఇప్పుడు దాణాకు, ఊళ్ళోవాళ్ళ అవసరాలకు ఆ వ్యానే తోలుతోంది. శ్రీరాములు పైనే చదునులో బండి ఆపి, ఆమె ఎక్కేదాకా కాచుకుంటాడు. మలుపులో ఆగాల్సిన పని లేదు. అయినా అక్కడికి రాగానే ఆమె కాలు బ్రేకు మీదికి పోతుంది. పైనుంచి శ్రీరాములు హారను కొట్టేదాకా బండి కదలదు.