గుమ్మం వైపు చూసే దీపం

మహదేవపురలో ఒక ఫ్లాట్‌లో కూర్చుని లైట్ల ప్లాన్ గీస్తున్నాను. ఎండకు తెరలన్నీ వేసి ఉన్నాయి. పనిలో పడి కదలడం మరిచిపోయానేమో, పైన టిక్కుమని గది చీకటైపోయింది. ఇంటావిడ నవ్వుతూ చెయ్యి ఊపితే వెలుగు మళ్ళీ వచ్చింది. మనిషి కదిలితే వెలిగి, కదలకపోతే ఆరిపోయే ఈ లైట్లు బెంగళూరులో ఇప్పుడు అందరికీ అలవాటే. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే మునివెంకటప్ప మంచం గుర్తొస్తుంది.

ఆయన పాతకాలపు వైరింగ్ మేస్త్రీ. అందరిలాగే నేనూ ఆయన్ని అప్పా అనే పిలిచేదాన్ని. డిప్లొమా పట్టుకుని ఆయన దగ్గర చేరిన రోజుల్లో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. మొదటి వంటగదికి సీలింగులో నాలుగు ఎల్‌ఈడీలు నాలుగు వైపులా సమానంగా గీసి తీసుకెళ్లాను. ఆయన ఒక కర్రకు లైటు కట్టి, నేను గీసిన చోట ఎత్తి పట్టుకుని, ఆ ఇల్లాలిని ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉల్లిపాయ తరగమన్నాడు. ఆమె నీడ పోయి సరిగ్గా కత్తి మీదే పడింది. నా ముఖం మాడిపోయింది.

"దీపం యాడ పెట్టాల అనేది తర్వాత చూడు పాపా. మనిసి యాడ ఉంటాడో ముందు అడుగు," అన్నాడు.

ఎల్‌ఈడీ వచ్చి కూడు చెడగొట్టిందని, బల్బు మాడకపోతే మనల్నెవరు పిలుస్తారని ఆయన ఈడు మేస్త్రీలు సణిగేవారు. ఈయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. బల్బు మార్చబోయి వేళ్లు కాల్చుకున్న మనిషి, వంటగది అల్మారా కింద అంటించిన లైటు పట్టీని అరచేత్తో నిమిరి చూశాడు. అద్దం వెనక, మెట్ల కింద, బీరువా లోపల, ఎక్కడ నీడ ఉంటే అక్కడికే వెలుగును తీసుకెళ్లొచ్చని తెలిశాక ఆయన్ని పట్టుకోవడం కష్టమైంది. నేను ఈ పనిని ప్రేమించింది ఆ సంబరాన్ని చూసే.

తర్వాత పక్షవాతం వచ్చి ఆయన మంచాన పడ్డాడు. కుడి పక్క చచ్చుబడింది. ఆయన మంచం నడిమింట్లో. ఇరుకు సందులో ఇల్లు, ఆ గదికి కిటికీ లేదు, పట్టపగలు కూడా చీకటే. భార్య లక్ష్మమ్మ పగలంతా కుట్టు ఫ్యాక్టరీలో ఉంటుంది. లేచి స్విచ్చి వేయలేడు కదా అని, పాత బల్బు తీసేసి, మనిషి కదిలితే వెలిగే లైటు తెచ్చి నా చేతులతోనే బిగించాను. బాగుండాది పాపా అన్నాడు. గురువుకు ఇంతకన్నా ఏం చేస్తామని మురిసిపోయాను. వారం వారం చూడటానికి వెళ్లేదాన్ని. నేను తలుపు తీయగానే దీపం వెలిగేది. మంచం మీద ఆయన నవ్వుతూ కనిపించేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పక్కనే కదలకుండా కూర్చున్నాను. లైటు ఆరిపోయింది. చెయ్యి ఊపాను, రాలేదు. లేచి గుమ్మం దాకా నడిస్తే వచ్చింది. కదలికను పసిగట్టే సెన్సార్‌ను నేను గుమ్మం వైపు తిప్పి పెట్టాను. వచ్చేవాళ్లు దానికి కనిపిస్తారు, పడుకున్నవాడు కనిపించడు. తిరిగి చూస్తే ఆయన మేలుకుని ఉన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి అప్పా?"

"ఆశగా పెట్టినావు. బేజారు చేసుకుంటావని చెప్పలా."

లక్ష్మమ్మనూ చెప్పనివ్వలేదట. పగలంతా ఆయన చీకట్లోనే ఉన్నాడు. మనిషి ఎక్కడుంటాడో ముందు అడగమన్న మనిషినే నేను అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చే ఆదివారం దాన్ని పీకేసి, ఎడమ చేతికి అందేలా మంచానికి మామూలు స్విచ్చి వేలాడదీస్తానని చెప్పాను. లక్ష్మమ్మకు ఆ సంగతి చెప్పి, అందాకా లైటు ఆరకుండా ఏదైనా ఏర్పాటు చేయాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

స్విచ్చి ఆ సాయంత్రమే కొన్నాను. ఆదివారం మాత్రం వెళ్లలేదు. జిగణి దగ్గర ఒక విల్లాలో గృహప్రవేశం, ఫోన్‌లో రంగులు మార్చుకునే లైట్లు మొరాయిస్తున్నాయి. ఇంకో వారంలో ఏముందిలే అనుకున్నాను. గురువారం ఆయన పోయాడని కబురొచ్చింది.

నేను వెళ్లేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. లక్ష్మమ్మ కోసం లోపలికి అడుగుపెట్టాను. ఎప్పటిలాగే దీపం టక్కున వెలిగింది. మంచం ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు అక్కడి మనుషులు కూర్చునే చోట కూర్చుంటాను, పడుకునే చోట పడుకుని చూస్తాను. కొందరు వింతగా చూస్తారు. ఆ స్విచ్చి ఇంకా నా సంచిలోనే ఉంది, ఎవరింట్లోనూ బిగించడానికి చేతులు రాలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు లైటు ఆరిపోతే నేను వెంటనే చెయ్యి ఊపను. కాసేపు అలాగే కూర్చుంటాను.