ఎర్రచుక్క దిష్టి

తాలింపులో ఎండుమిరపకాయ మాడితే గుంటూరులో మా అపార్ట్‌మెంటు మూడంతస్తులూ తుమ్ముతాయి. కిందింటావిడ కిటికీ ధడాలున వేస్తుంది. నేను మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ప్రత్తిపాడు పక్కన మా పల్లె, వసారాలో కుప్పపోసిన ఎర్రటి కాయలు, పొద్దస్తమానం తొడిమలు తీస్తూ కూర్చున్న అమ్మ, నాయనమ్మ, నేను, గడపలోంచి తొంగిచూసి ఖళ్లుఖళ్లున దగ్గుతూ పారిపోయే నాలుగేళ్ల తమ్ముడు, అందరూ కళ్లముందుకొస్తారు.

కోతల కాలంలో కళ్లాలు ఎర్రగా పరుచుకునేవి. పత్తి తీసిన చేతులకు గీతలు, మిరప కోసిన చేతులకు మంట. ఆ చేత్తో కన్ను నులుముకున్నామా, చచ్చామే! గోడ గడియారాన్ని నాయనమ్మ నమ్మేది కాదు. వేగుచుక్క చూసి కోతకు లేపేది, పిల్లలకోడి చుక్కల గుంపు నడినెత్తికొస్తే అన్నాలు పెట్టేది. ఆ చుక్కల చదువు ఆమెకు వాళ్లమ్మమ్మ చెప్పింది, ఆవిడకు మరెవరో. ఎన్ని వేల ఏళ్ల నాటి చదువో అది.

ఆ ఏడు మఖ కార్తెలో చినుకు లేదు. పత్తి మోకాలెత్తునే ముడుచుకుపోయింది. అంగారకుడు మన జన్మలో ఇంత దగ్గరికి మళ్లీ రాడని బళ్లో మాస్టారు సంబరంగా చెప్పారు. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ మొహం మాడ్చుకుంది. అప్పటికే తమ్ముడికి జ్వరం.

పిల్లల క్షేమం కోసం చేసే పోలాల అమావాస్య వచ్చింది. కందమొక్కకు పసుపుకొమ్ము కట్టి పూజ చేశారు. ఇల్లంతా గారెలు, బూరెలు, కందబచ్చలి కూర వాసన. తమ్ముడు బూరె ముట్టలేదు. పొద్దువాలాక, చంద్రుడు లేని ఆకాశంలో, తూర్పున ఆ ఎర్రచుక్క లేచింది. మిగతా చుక్కల్లా మిణుకుమనలేదు. నిప్పుకణికలా నిలబడి చూసింది.

"ఆ ఎర్రముండావాడు మన పిల్లోడి మీదే కన్నేశాడే," అంది నాయనమ్మ.

"ఒళ్లు కాలిపోతంది అత్తయ్యా, ఇప్పుడే గుంటూరు తీసుకుపోదాం," అమ్మ ఏడ్చింది.

నాయనమ్మ వినలేదు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తమ్ముడి చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్న దిష్టి పోయినట్టు మా లెక్క. పొగ లేచింది. ఒక్కరూ దగ్గలేదు.

"చూశారా, పీడ పోయింది!" నాయనమ్మ ఆనందంతో కళ్లొత్తుకుంది. ఆటో కోసం లేచిన నాన్న, "పొద్దున్నే పోదాంలే," అని కూర్చున్నాడు.

తెల్లారేసరికి తమ్ముడు లేడు.

మేం దగ్గకపోవడంలో వింతేముంది? ఏడాది పొడుగునా మిరప దుమ్ములో బతికేవాళ్లం, మాకు ఘాటెక్కడిది! దగ్గాల్సినవాడు వాడొక్కడే. వాడికి దగ్గే ఓపిక లేదు. ఈ సంగతి తట్టేసరికి నేను పెద్దదాన్నయ్యాను. నాయనమ్మతో మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు, వసారా లేదు. కళ్లాల చోట లేచిన కోల్డ్ స్టోరేజీల లైట్లకు పిల్లలకోడి కనబడదు. ఆ ఎర్రచుక్క మాత్రం, అప్పటంత కాకపోయినా, ఈ చలికాలం మళ్లీ దగ్గరికొచ్చింది. దాన్ని ఏ లైటూ చెరపలేదు. నిన్న మా పాపకు ఒళ్లు వెచ్చబడింది. మామూలు జ్వరమేనన్నారు డాక్టరుగారు. అయినా ఇంటికి రాగానే మూకుట్లో కావాలనే ఒక ఎండుమిరపకాయ మాడనిచ్చి, పక్కగది వైపు చెవి పెట్టాను. కిందింటావిడ కిటికీ వేసింది. లోపల్నుంచి చప్పుడు లేదు. గరిటె పడేసి అటు పరుగెత్తబోయాను.

తర్వాత పాప ఖళ్లుమంది. "ఏంటమ్మా ఈ కంపు!" అని అరిచింది.

పోయిన ప్రాణం లేచొచ్చింది. తూర్పు కిటికీ మాత్రం మూసేశాను.