నూట పన్నెండో పుట

మార్జిను మాస్టారంటే కళాశాల గేటు ఎదుటి వీధిలో చిరునామా అక్కరలేని మనిషి. టైపు షాపు బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి గాని, విద్యార్థులు పెట్టిన ఆ బిరుదు మాత్రం వెలిసిపోలేదు. కాగితానికి ఎడమవైపు అంగుళమున్నర, కుడివైపు అంగుళం వదలనిదే ఆయన వేళ్ళు మీటల మీదికి వెళ్ళేవి కావు. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినా, పక్కన చెక్క స్కేలు పెట్టుకొని తెర మీద కూడా కొలిచి చూసుకొనేవారు.

"ఈయన కంచంలో అన్నం కూడా నాలుగు పక్కలా మార్జిను వదిలే తింటారు" అని భార్య నలుగురిలో వేళాకోళం చేసేది. ఆవిడ పక్క బల్ల దగ్గర కూర్చొని, టైపయిన వ్యాసాలకు జిగురు రాసి అట్టలు అతికేది. ఆయన ఎవరినైనా కటువుగా ఒక మాట అంటే, ఆ మాట విరిగిపోకుండా అతుకు వేసేది కూడా ఆవిడే.

చిన్నక్క ఆయనను మొదటిసారి చూసింది వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం. ఇంట్లో రెండో ఆడపిల్ల కనుక తమ్ముడు పిలిచిన ఆ పిలుపే వీధివారికి అలవాటై, ఎం.ఏ. తరగతి దాకా ఆమె వెంట వచ్చింది. పట్టణానికి కుళాయి నీళ్ళు వచ్చిన కథ ఆమె పరిశోధన వ్యాసానికి విషయం. తల తడిసినా కాగితం తడవకుండా, వ్రాతప్రతిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చింది.

మాస్టారు మొదటి పుట చూడనేలేదు. తిన్నగా చివరికి వెళ్ళి, ఆధారాల పట్టిక మీద వేలు పెట్టారు.

"చదవడం వెనకనుంచా మాస్టారూ?" అంది చిన్నక్క నవ్వు ఆపుకోలేక.

"ఇల్లు కొనేవాడు గోడల రంగు చూడడమ్మాయ్, పునాది చూస్తాడు." వేలు ఒక పంక్తి దగ్గర ఆగింది. "పురపాలక సంఘం వార్షిక నివేదిక, పుట నూట పన్నెండు. ఇది నువ్వు చూశావా?"

"అందరూ వేశారు కదండీ. పాత వ్యాసాల్లో చూసి రాసుకున్నా."

"అందరి సంగతీ నేనడగలేదు. నువ్వు చూశావా?"

"లేదండీ. చూడలేదు."

మాస్టారు తలెత్తి ఆమె ముఖంలోకి చూశారు. ఎన్నడూ వినని మాట విన్నట్టు కళ్ళద్దాలు సవరించుకొన్నారు. తరువాత కాగితాలు సర్ది, మళ్ళీ సంచిలో పెట్టి ఇచ్చేశారు. "చూసిరా. చూడని పుట నేను టైపు చెయ్యను."

"పాపం, వానలో వచ్చిన పిల్లని వానలోకే తరుముతారా?" అంది భార్య. "ఆ ఒక్క ముక్కకీ ఏం కొంప మునిగిందని?"

"మునిగాకే తెలుస్తుందిలే" అన్నారాయన, కళ్ళద్దాలు తీసి తుడుచుకొంటూ.

చిన్నక్కకు ఒళ్ళు మండింది. అయినా ఆ ముక్కను వదులుకోవడానికి లేదు. వ్యాసమంతా దాని మీదనే నిలబడి ఉన్నది. కుళాయిలు వచ్చిన మొదటి వేసవిలో కొందరు స్త్రీలు వాటిని కాదని మళ్ళీ బావికే వెళ్ళారనీ, నీళ్ళు దగ్గరైతే తాము ఒకరికొకరు దూరమవుతామన్నది వారి బెంగ అనీ ఆ వాక్యం చెబుతుంది. తరగతిలో గైడుగారు దానిని చదివి వినిపించిన నాడే ఆమె తన విషయాన్ని నిర్ణయించుకొన్నది.

మరునాడు ఉదయమే గ్రంథాలయానికి వెళ్ళి నివేదిక అడిగింది. లైబ్రేరియన్ ఎగాదిగా చూసి తాళంచెవి తీసింది. "పాత రిపోర్టుల గదా? వెళ్ళేటప్పుడు మనుషుల్లా వెళ్తారు, వచ్చేటప్పుడు బూజుకర్రల్లా వస్తారు. ఆ చున్నీ మూతికి కట్టుకో తల్లీ."

గది నిండా ఇనుప బీరువాలు, వాటి నిండా తాళ్ళతో కట్టిన కట్టలు. మధ్యాహ్నమయ్యేసరికి చిన్నక్క ముక్కు ఎర్రబడింది గాని, కావలసిన సంవత్సరపు నివేదిక చేతికి చిక్కింది. ఆత్రంగా చివరి పుటలు తిప్పింది. తొంభై ఆరో పుటలో లెక్కలు ముగిశాయి. అడుగున ముద్రాపకుని పేరు కూడా ఉన్నది. పుటలు చిరిగిపోయాయేమోనని కుట్టు పరీక్షించింది. చెక్కుచెదరలేదు. ముందటి ఏడూ, తరువాతి ఏడూ వెతికింది; బావికి వెళ్ళిన స్త్రీల ఊసే లేదు.

అక్కడితో ఆగి ఉంటే ఆమె చిన్నక్క కాదు. ఆ పుటను పేర్కొన్న వ్యాసాలను ఒక్కొక్కటే బీరువాలోనుంచి దింపి, కొత్తదానినుండి పాతదానికి నడిచింది. ఒక గొర్రె దూకిన చోటనే మందంతా దూకినట్టు, ప్రతి వ్యాసంలోనూ అదే వాక్యం, అదే కామా, అదే నూట పన్నెండు. చిట్టచివరికి, అందరికంటె ముందు దూకిన గొర్రె దొరికింది: చిన్నక్క పుట్టక మునుపు సమర్పించిన ఒక వ్యాసం. దాని అట్ట లోపలివైపు, ఆ వ్యాసాన్ని టైపు చేసిన షాపు వారి చీటీ అతికి ఉన్నది. ఆ షాపు మార్జిను మాస్టారిదే.

ఆ సాయంత్రం చిన్నక్క షాపు మెట్లు విసురుగా ఎక్కింది. కూర్చోలేదు.

"మాస్టారూ, రిపోర్టు తొంభై ఆరో పుటలో అయిపోయింది. మిగతా పుటలు మీ షాపులో అచ్చయ్యాయా?"

జిగురు రాస్తున్న కుంచె టక్కున ఆగిపోయింది. మాస్టారు మాత్రం ఉలికిపడలేదు. చాలాకాలంగా రావలసిన చుట్టం వచ్చినట్టు, స్టూలు ముందుకు జరిపారు.

"అవునమ్మాయ్. నా చేత్తోనే అచ్చయ్యాయి. కూర్చో."

షాపు పెట్టిన కొత్తలో మాట అది. వ్యాసం టైపు చేయించుకొంటున్న ఒక విద్యార్థితో టీ తాగుతూ, మాస్టారు తన తల్లి కబుర్లు చెప్పారు. కుళాయిని కాదని బావికి వెళ్ళిన స్త్రీలలో ఆవిడ ఒకరు. ఆ కుర్రవానికి ఆ కబురు ఎంతో నచ్చి, వ్యాసంలోకి ఎక్కించాడు. టైపిస్టు తల్లి చెప్పిందని రాస్తే మార్కులు పడవని, నివేదిక పేరు రాసి, పుట సంఖ్య దగ్గర ఖాళీ వదిలాడు. చూసి చెబుతానని వెళ్ళినవాడు సాయంత్రానికి కూడా రాలేదు. తెల్లవారితే సమర్పణకు గడువు.

"ఆ ఖాళీ చూస్తుంటే ఊడిన పన్నులా కనిపించిందమ్మాయ్. పేజీ అంతా ఎంతో అందంగా వచ్చింది, అక్కడొక్కచోటే వెలితి. మూడు అంకెలు కొట్టేశా. చెయ్యి ఆగలేదు. వాడికి ఫస్టు క్లాసొచ్చింది."

"మరి తర్వాతైనా చెప్పచ్చు కదా?"

"మరుసటేడు ఇంకొకడు అదే పుట మోసుకొచ్చాడు. చెబుదామనుకున్నా. చెబితే నా గడప ఎవడు తొక్కుతాడు? ఆ పై ఏడు ముగ్గురు తెచ్చారు. నేను కన్న అబద్ధాన్ని నేనే మళ్ళీ మళ్ళీ కొట్టా." ఆయన తన వేళ్ళవైపు చూసుకొన్నారు. "ఆ తర్వాతే, ఎవరొచ్చినా అడగడం మొదలెట్టా, నువ్వు చూశావా అని. ఒక్కరన్నా లేదంటే లైబ్రరీకి పంపుదామని. అందరూ చూశామనే అన్నారమ్మాయ్! లేని పుటని అందరూ చూశారు. చూడలేదన్నదానివి నువ్వొక్కదానివే."

చిన్నక్క కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. "మీ అమ్మగారికి ఈ సంగతి తెలుసా?"

"నీ మాట పుస్తకంలోకి ఎక్కిందే అని సంబరంగా చెప్పా. 'నేను చెప్పానని రాశారా?' అంది. లేదమ్మా, మునిసిపాలిటీ చెప్పిందని రాశారన్నా. 'వాళ్ళెప్పుడు మోశార్రా నీళ్ళు!' అంది." మాస్టారు నవ్వబోయారు, నవ్వు సగంలోనే ఆగింది. "అంతే. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ వెలితితోనే పోయింది."

భార్య కుంచె పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళు కాపురం చేశాను. నాతో ఒక్క ముక్క అన్నారా?"

"అంటే నువ్వు అట్టలు అతకవుగా" అన్నారాయన. తరువాత చిన్నక్క వైపు తిరిగి, ఆమె ఊహించని మాట అడిగారు. "నీ వ్యాసంలో ఉన్నదున్నట్టు రాస్తావా? ఆ పుట లేదని, టైపిస్టు కల్పించాడని, ఆ మాట మా అమ్మదని. నన్ను దాచద్దు."

"పరువు పోతుందేమో మాస్టారూ."

"పోనీ. అది నాది కాబట్టి పోతుంది. మా అమ్మ మాట మా అమ్మకి చేరాలి."

అప్పటికప్పుడు ఇద్దరూ కూర్చొని పాదసూచిక తయారు చేశారు. విన్న మాటను ఎలా పేర్కొనాలో గ్రంథాలయపు మార్గదర్శినిలో ఉన్నది: చెప్పినవారు, విన్నవారు, స్థలం, కాలం. ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే చిన్నక్క రాసుకొన్నది. ఒకరి వాక్యాలను టైపు చేయడమే తప్ప తన వాక్యమంటూ లేని మనిషి, ఆ నాలుగు పంక్తులకు పదిసార్లు దిద్దుబాట్లు చేశారు. "తప్పకుండా వేస్తాను మాస్టారూ" అని మాట ఇచ్చి వచ్చింది.

గైడుగారు ఆ పాదసూచికను రెండుసార్లు చదివారు. ఆయన మంచివారే. ముందు తన మీద తానే నవ్వుకొన్నారు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. నా పుస్తకంలో కూడా వేశానమ్మా ఈ పుట! ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను." తరువాత నవ్వు మానేశారు. "చూడు. నీ వ్యాసం నీళ్ళ మీద, టైపిస్టు మీద కాదు. ఇది పెడితే వైవాలో ప్రశ్నలన్నీ దీని చుట్టే తిరుగుతాయి. బయటినుంచి వచ్చే పరీక్షకుడి థీసిస్‌లోనూ ఇదే పుట. ఆయన తప్పు ఆయన ముందే పట్టుకుంటావా?"

"మరేం చెయ్యమంటారు సార్?"

"వాక్యం తీసెయ్. ఫుట్‌నోట్ తీసెయ్. లేనిది ఉందని రాయడం లేదుగా, తప్పేముంది? ఈ సంగతి తర్వాత వేరే వ్యాసంగా రాసుకో. నేనే సాయం చేస్తా."

తప్పు లేదు, ఒప్పు కూడా లేదు. ఈ రెంటికీ నడుమ ఇరుకు సందులో నడిచేవారే లోకంలో ఎక్కువ. ఇంట్లో తండ్రి ఆమె ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాడు. ఉద్యోగానికి మార్కులు కావాలి. చిన్నక్క వాక్యాన్ని తీసివేసింది. వ్యాసం నడుము విరిగిన మనిషిలా మిగిలినా, నడిచింది. మాస్టారికి ముఖం చూపలేక, కళాశాల కంప్యూటరు గదిలో తానే టైపు చేసుకొన్నది. మార్జిన్లు వంకరగా వచ్చాయి. మార్కులు మాత్రం బాగా వచ్చాయి.

తరువాత బడిలో ఉద్యోగం దొరికింది. వేరే వ్యాసం రేపు రాయవచ్చులే అనుకొన్నది. ఆ రేపు సెలవులకు జరిగింది. సెలవులు మరుసటి సెలవులకు జరిగాయి. కళాశాల వైపు పని పడితే వెనక గేటు దారి పట్టేది. ఒకనాడు బస్టాపులో మాస్టారి భార్య ఎదురుపడనే పడింది.

"ఎంత నల్లపూసవైపోయావమ్మా! ఆయన రోజూ అడుగుతారు, చిన్నక్క వ్యాసం లైబ్రరీకి చేరిందా అని. మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు గాని, లేకపోతే తనే వెళ్ళి చూసుకునేవారు."

"చేరింది పిన్నిగారూ" అంది చిన్నక్క. ఆ మాట అక్షరాలా నిజం. అంతటి నిజం చెప్పి అంత సిగ్గుపడటం ఆమెకు అదే మొదలు.

"ఒకసారి తెచ్చి చూపించకూడదూ? మొన్న ఇద్దరు పిల్లలు మళ్ళీ ఆ పుటే పట్టుకొచ్చారు. అది లేదర్రా, చిన్నక్క రాసింది చదవండని ఆయన చెప్పారు. 'అందరూ వేశారు కదా' అని వేరే షాపుకి పోయారు."

"తెస్తాను పిన్నిగారూ" అని బస్సెక్కింది. ఆ బస్సు తన ఇంటి వైపు వెళ్ళేది కాదని రెండు స్టాపులు దాటాక గాని తెలియలేదు.

ఆ తరువాత కబురు ఆసుపత్రి నుంచి వచ్చింది. మెట్లెక్కుతున్నంతసేపూ, నిజం చెప్పేద్దామని చిన్నక్క గట్టిగానే అనుకొన్నది. 'తీసేశాను మాస్టారూ, భయపడ్డాను, క్షమించండి' అని మాటలు కూడా కూర్చుకొన్నది. వార్డులో కిటికీ పక్క మంచం మీద ఆయన సగానికి సగమై ఉన్నారు. భార్య తలవైపు కూర్చొని, దిండు సర్దుతూ, చిన్నక్కను చూడగానే లేచి స్టూలు ఇచ్చింది.

"చూశారా, వచ్చింది. మీరు ఊరికే బెంగపడ్డారు."

ఆయన కళ్ళు తెరిచారు. గుర్తుపట్టారు. దుప్పటి మీద వేళ్ళు కదిలాయి.

"రాశావా అమ్మాయ్?"

భార్య చిన్నక్క ముఖంలోకే చూస్తున్నది. కూర్చుకొన్న మాటలన్నీ ఒకదాని వెనుక ఒకటి దాక్కొన్నాయి.

"రాశాను మాస్టారూ."

"మా అమ్మ మాటేనని?"

"మీ అమ్మగారి మాటేనని."

"నన్ను దాచలేదుగా?"

"దాచలేదు."

ఆయన ముఖం తేటపడింది. కళ్ళు మూసుకొన్నారు. నిద్రపట్టిందనుకొని చిన్నక్క లేవబోయింది. అంతలో ఆయన చెయ్యి ఆమె చేతికోసం దుప్పటి మీద తడిమింది. ఆ అడగడంలో అనుమానం లేదు, పరీక్ష లేదు. జీవితమంతా అందరినీ అడిగిన అలవాటు కొద్దీ, మెల్లగా, ప్రేమగా అడిగారు.

"ఏ పుటలో తల్లీ?"